పాత చెక్క రోలర్ కోస్టర్ల గురించి విదేశాల్లోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలో, ఆస్ట్రేలియాలో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలందరికీ నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో 34 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి 2013లో రిటైరయ్యాను. పెట్టెల బ్రేకులు, చక్రాలు చూడటం నా పని. మా అమ్మాయి కుటుంబం వర్జీనియాలో ఉంటుంది, మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అందువల్ల ఈ పదేళ్లలో మీ సంక్రాంతి సంబరాలకీ, వేసవి పిక్నిక్‌లకీ, మాలాంటి తల్లిదండ్రుల కోసం మీరు వేసే బస్సు టూర్లకీ చాలాసార్లు వచ్చాను. మీరు వడ్డించిన పులిహోర తిన్నాను. ఆ చనువుతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీరు వేసే టూర్లలో ఒక్క పూట పాత చెక్క రోలర్ కోస్టర్‌కి కేటాయించండి. నూరేళ్లు దాటినవి, నూరేళ్లకు దగ్గరపడ్డవి ప్రపంచంలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో చాలావరకు మనవాళ్లు కాపురాలు పెట్టిన ఊళ్ల దగ్గరే ఉన్నాయి, లేదా మన బస్సులు ఎలాగూ వెళ్లే దారిలోనే ఉన్నాయి. జనం ఎక్కినన్నాళ్లే అవి బతుకుతాయి. ఎక్కడం మానేస్తే ముందు తాళం పడుతుంది, తర్వాత చెక్క పుచ్చుతుంది, ఆ తర్వాత బుల్‌డోజర్ వస్తుంది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మేరీల్యాండ్‌లో, వాషింగ్టన్‌కి దగ్గరలో, సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా అనే పార్కు ఉండేది. అందులో వైల్డ్ వన్ అనే చెక్క కోస్టర్ ఉండేది. అది పుట్టింది అక్కడ కాదు. 1917లో మసాచుసెట్స్‌లో, సముద్రం ఒడ్డున హల్ అనే ఊళ్లో, పారగాన్ పార్కులో జెయింట్ కోస్టర్ అనే పేరుతో పుట్టింది. 1984లో ఆ పార్కు మూతపడితే కోస్టర్‌ని వేలంలో కొని, మేరీల్యాండ్ తీసుకొచ్చి, 1986లో మళ్లీ నడిపించారు. అంటే ఒకసారి చావు తప్పించుకుని వచ్చిన బండి అది. మా అమ్మాయి ఇంటి నుంచి గంట ప్రయాణం. ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. పదేళ్లుగా అటువైపు వెళ్తూ వస్తూ ఉన్నాం కానీ, అక్కడ 1917 నాటి బండి తిరుగుతోందని మాకు తెలియదు. 2025 మే నెలలో పార్కు మూసేస్తామని ప్రకటన వచ్చాక తెలిసింది.

అప్పుడు నేను సికింద్రాబాద్‌లో ఉన్నాను. మా మనవరాలికి 18 ఏళ్లు, కాలేజీలో చేరింది. ఫోన్ చేసి వెళ్లమన్నాను. అక్టోబరులో స్నేహితులతో కలిసి వెళ్లింది. ఆ రాత్రి ఫోన్ చేసి, "తాతయ్యా, దిగేటప్పుడు మొత్తం చెక్కంతా ఊగింది. ఊగాలని నువ్వు చెప్పావు కదా, నిజంగానే ఊగింది" అంది. మూడుసార్లు ఎక్కిందట. నవంబరు 2న ఆ పార్కు మూతపడింది. నేను దాన్ని చూడనేలేదు. ఆ బాధే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఊగడం గురించి ఒక మాట. చెక్క కోస్టర్ ఊగితే చాలామంది భయపడతారు. బండి బరువు వచ్చినప్పుడు చెక్క కొంచెం వంగి, ఆ బరువు తీసుకుని, మళ్లీ తన చోటికి రావాలి. అందుకే చెక్కతో కట్టారు. బిగుసుకుపోతేనే ప్రమాదం. రైలు వంతెన కూడా అంతే.

నాకు ఈ పాత బండ్లతో పరిచయం ఏర్పడింది 2015లో, మేం మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. 1976లో కట్టిన ఆ గుడికి వెళ్లని తెలుగు కుటుంబం తూర్పు రాష్ట్రాల్లో అరుదు. మామగారు రైల్వే మనిషి కదా అని మా అల్లుడు బెడ్‌ఫర్డ్ దగ్గర కారు పక్కకి తిప్పి ఆల్టూనా తీసుకెళ్లాడు. ఆల్టూనా రైల్వే కోసమే పుట్టిన ఊరు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల వర్క్‌షాపులు అక్కడే ఉండేవి. మన లాలాగూడ వర్క్‌షాపు 1893లో నిజాం రైల్వే కట్టింది. ఆల్టూనా దానికంటే పెద్దన్న. ఊరి బయట కొండలో గుర్రపు నాడాలా వంపు తిరిగిన రైలు మార్గం ఉంది, 1854లో వేసింది. గూడ్సు బండి ఆ వంపులో ఎక్కుతుంటే ముందు ఇంజనూ చివరి పెట్టెలూ ఒకేసారి కనిపిస్తాయి. అరకు ఘాట్‌లో కిటికీలోంచి తల బయటపెట్టి చూసినవాళ్లకి ఆ ఆనందం తెలుసు.

అక్కడి నుంచి వస్తూ లేక్‌మాంట్ పార్కులో ఆగాం. ఆ పార్కులో లీప్ ది డిప్స్ అనే కోస్టర్ ఉంది. 1902లో కట్టారు. ప్రపంచంలో ఈ రోజు నిలబడి ఉన్న రోలర్ కోస్టర్లన్నిటిలో అదే పాతది.

ఎత్తు 41 అడుగులు. దారి 1,452 అడుగులు. సగటున గంటకు 10 మైళ్ల వేగం. కొత్త పార్కుల్లో 300 అడుగుల ఎత్తు నుంచి పడేసే కోస్టర్లు ఎక్కినవాళ్లకి ఈ అంకెలు చిన్నగా కనిపిస్తాయి. దగ్గరికెళ్లి బండి చూడండి. నలుగురు పట్టే చిన్న పెట్టె. సీటు బెల్టు లేదు. ఒళ్లో పడే కమ్మీ లేదు. నేను అలవాటు కొద్దీ వంగి చక్రాలు చూశాను. రైలు చక్రానికి లోపలి వైపు అంచు ఉంటుంది, అదే దాన్ని పట్టా మీద నిలబెడుతుంది. దీనికి ఆ అంచు లేదు. బదులుగా పక్కలకి చిన్న చక్రాలున్నాయి, అవి దారికి రెండు వైపులా ఉన్న చెక్క పలకలకి రాసుకుంటూ బండిని దారిలో ఉంచుతాయి. పట్టా కింద నుంచి పట్టుకునే చక్రం అసలే లేదు. బండిని దారి మీద ఉంచేది దాని బరువొక్కటే. ఉత్తర అమెరికాలో ఈ రకం కోస్టర్ ఇదొక్కటే మిగిలింది.

"పట్టుకోడానికి ఏముంది?" అని మా ఆవిడ అడిగింది. ముందున్న చెక్క అంచు చూపించాను. కొంగు నడుముకి బిగించి కూర్చుంది. పక్కన నేను, వెనక మా అమ్మాయి, మనవరాలు. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు. చెయిన్ పట్టుకుని పెట్టె నెమ్మదిగా ఎక్కింది. టకటకటక అని చప్పుడు. అది పళ్ల పట్టీ మీద కొక్కెం ఒక్కొక్క పంటికీ పడుతున్న చప్పుడు. చెయిన్ తెగినా బండి వెనక్కి రాకుండా ఆపేది అదే. ఆ చప్పుడు విన్నాక నాకున్న టెన్షన్ పోయింది. ఎంత ధైర్యమో ఆ శబ్దం. పైకెళ్లాక చెయిన్ వదిలేసింది. తర్వాత ఇంజన్ లేదు, కరెంటు లేదు, వాలు ఒక్కటే.

దాని దిగుళ్లు 9 అడుగులకు మించవు. కానీ ఒక్కొక్క మిట్ట అంచు దాటేటప్పుడు పెట్టె కొంచెం పైకి లేస్తుంది. నిజంగానే లేస్తుంది. ఆ ఒక్క క్షణం చక్రం దారి మీద ఉండదు, మళ్లీ టక్కున పడుతుంది. చక్రం పట్టా విడవకూడదని 34 ఏళ్లు కాపలా కాసిన మనిషిని నేను. ఆ క్షణంలో నా ఒళ్లంతా ఝల్లుమంది. ఒక్క నిమిషంలో అయిపోయింది. దిగాక మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "మళ్లీ ఎక్కుదామా" అని తనే అడిగింది. మళ్లీ ఎక్కాం.

ఆ తర్వాత తెలుసుకున్నాను. ఆ బండి 1985లో ఆగిపోయింది. పద్నాలుగేళ్లు అలాగే ఎండకీ మంచుకీ నిలబడింది. ఊరివాళ్లు కలిసి దాన్ని కాపాడటానికి ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు. 1996లో దానికి జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. చెక్క మార్చి, మరమ్మతు చేసి, 1999లో మళ్లీ జనాన్ని ఎక్కించారు. మేం ఎక్కిన రెండేళ్లకు, 2017లోనూ 2018లోనూ ఆ పార్కే మూసేసి ఉంచారు, 2019లో తెరిచారు. అంటే మేం వెళ్లింది అదృష్టం కొద్దీ దొరికిన సందులో. మీరెవరైనా బయలుదేరితే ముందు ఫోన్ చేసి ఆ రోజు బండి తిరుగుతోందో లేదో కనుక్కుని వెళ్లండి. ఈ వయసు బండ్లకి అది తప్పదు.

రైల్వే మనిషిగా నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. రోలర్ కోస్టర్ రైలు కడుపున పుట్టిన బిడ్డ. అదే పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే ఊరు ఉంది, ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. 1827లో అక్కడ కొండ మీది గని నుంచి కిందికి బొగ్గు దించడానికి తొమ్మిది మైళ్ల పట్టాలు వేశారు. బొగ్గు బండ్లు వాలులో వాటంతటవే దిగేవి. ఖాళీ బండ్లని పైకి లాగడానికి కంచరగాడిదలుండేవి. అవి కూడా బొగ్గుతో పాటు బండిలో కూర్చుని కిందికి వచ్చేవి, తర్వాత లాక్కుంటూ ఎక్కేవి. ఆ దిగుడు చూసి జనం సరదాపడి డబ్బులిచ్చి ఎక్కడం మొదలుపెట్టారు. 1870ల్లో బొగ్గుకి వేరే దారి వచ్చాక ఆ పట్టాలు పూర్తిగా సరదా ప్రయాణాలకే మిగిలాయి. తర్వాత 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లమార్కస్ థాంప్సన్ అనే ఆయన సరదా కోసమే ఒక చిన్న వాలు రైలు కట్టాడు. గంటకు ఆరు మైళ్ల వేగం, టికెట్టు అయిదు సెంట్లు. జనం విరగబడ్డారు.

ఆల్టూనా లేక్‌మాంట్ పార్కు కూడా రైలువాళ్లదే. అప్పట్లో ఊళ్లలో ట్రామ్ కంపెనీలు ఉండేవి. పని రోజుల్లో జనం ఎక్కేవారు, ఆదివారాలు ట్రామ్‌లు ఖాళీగా తిరిగేవి. అందుకని లైను చివర ఒక తోట, ఒక చెరువు, ఒక కోస్టర్ పెట్టి ఆదివారం కూడా జనాన్ని రప్పించారు. లేక్‌మాంట్ అలా 1894లో మొదలైంది. పిట్స్‌బర్గ్ పక్కనున్న కెన్నీవుడ్ 1898లో అలాగే మొదలైంది. మిల్లుల్లో, గనుల్లో వారమంతా ఒళ్లు విరిచి పనిచేసినవాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చి నవ్వుకున్న చోట్లు అవి. లాలాగూడ నుంచి జీతం రోజున మేం పిల్లల్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లి జెయింట్ వీల్ ఎక్కించినట్టే.

కెన్నీవుడ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది వెంకన్న గుడి నుంచి అరగంట దూరం. మేం 2018లో వెళ్లాం. అక్కడ జాక్ రాబిట్ అనే కోస్టర్ 1920 నాటిది. కట్టింది జాన్ మిల్లర్ అనే ఇంజనీరు. ఆయన పేరు మన పిల్లలు తెలుసుకోవాలి. పట్టా కింద నుంచి కూడా పట్టుకుని ఉండే మూడో చక్రానికి 1919లో పేటెంట్ తీసుకున్నది ఆయనే. ఆ చక్రం వచ్చాక బండి పైకి లేచిపోతుందన్న భయం పోయింది. కొండలు పెద్దవయ్యాయి, దిగుళ్లు నిటారుగా మారాయి. ఈ రోజు ప్రపంచంలో ఏ పెద్ద కోస్టర్ తిరుగుతున్నా ఆ చక్రం పుణ్యమే.

ఇప్పుడు ఆలోచించండి. ఆల్టూనాలో ఆ చక్రం రాకముందు బండి. కెన్నీవుడ్‌లో ఆ చక్రం వచ్చిన మరుసటి ఏడాది, దాన్ని కనిపెట్టినవాడే కట్టిన బండి. రెండూ ఒకే గుడి యాత్రలో, రెండు రోజుల్లో చూడొచ్చు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకి ఇంతకంటే మంచి పాఠం ఏ క్లాసులో దొరుకుతుంది? ఆల్టూనాలో ఒళ్లు పైకి లేచినప్పుడు బండి కూడా లేస్తుంది. కెన్నీవుడ్‌లో ఒళ్లు లేస్తుంది, బండి మాత్రం పట్టా వదలదు. ఆ తేడా పుస్తకంలో చదివితే రాదు, సీటులో కూర్చుంటే తెలుస్తుంది.

జాక్ రాబిట్‌ని ఒక లోయ వాలు మీద కట్టారు. నేల ఎలా ఉందో దారిని అలా పోనిచ్చారు. ఒకచోట దిగుతూ దిగుతూ మధ్యలో చిన్న మెట్టు వచ్చి మళ్లీ దిగుతుంది. ఆ రెండో దిగుడులో సీటు మీద నుంచి మనిషి లేస్తాడు. వెనక పెట్టెలో కూర్చోండి, బాగా తెలుస్తుంది. అదే పార్కులో 1927 నాటి రేసర్ కూడా ఉంది, రెండు బండ్లు పక్కపక్కనే పోటీ పడతాయి. కానీ దారి ఒక్కటే, మెలిక తిరిగి ఉంటుంది. ఎడమ వైపు ఎక్కినవాళ్లు కుడి వైపు దిగుతారు. మా మనవరాలు ఆ మెలిక ఎలా సాధ్యమో కాగితం పట్టీ తిప్పి నాకే చూపించింది.

మెల్‌బోర్న్ పెద్దలకి ఒక మాట. మీ ఊళ్లో సెయింట్ కిల్డా లూనా పార్కులో సీనిక్ రైల్వే ఉంది. 1912 డిసెంబరు 13న మొదలైంది. ఆల్టూనా బండి వయసులో దీనికంటే పెద్దదే కానీ మధ్యలో ఏళ్ల తరబడి ఆగింది. ఆగకుండా నడుస్తూ వస్తున్నవాటిలో ప్రపంచంలో అన్నిటికంటే పాతది మీదే. మా అబ్బాయి ఆరేళ్లు ఆ ఊళ్లో ఉండి కూడా దాన్ని ఎక్కలేదు. 2023 జనవరిలో నేను వచ్చాక తీసుకెళ్లాడు.

పార్కు గేటే ఒక పెద్ద నవ్వు ముఖం, దాని నోట్లోంచి లోపలికి వెళ్లాలి. బండి పార్కు అంచు చుట్టూ తిరుగుతుంది. పైకెక్కినప్పుడు ఒక పక్క పోర్ట్ ఫిలిప్ సముద్రం, గాలికి ఊగే పామ్ చెట్లు, ఇంకో పక్క ఊరు. కానీ నేను చూసింది అవేవీ కాదు. రెండు పెట్టెల మధ్య నిలబడ్డ మనిషిని చూశాను. ఆయన బ్రేక్‌మ్యాన్. ఈ బండికి దారిలో ఆటోమేటిక్ బ్రేకులు లేవు. ఎక్కడ ఎంత వేగం ఉండాలో ఆయన చెయ్యే నిర్ణయిస్తుంది. లీవర్ మీద చెయ్యి, మోకాళ్లు కొంచెం వంచి, ప్రతి వంపుకీ ముందే ఒళ్లు వాలుస్తూ నిలబడ్డాడు. బండి నిండా జనం ఉంటే బరువెక్కువ, పరుగెక్కువ. సగం ఖాళీగా ఉంటే పరుగు తగ్గుతుంది. ఎండకి ఒకలా, తడికి ఒకలా. ఇవన్నీ లెక్క కట్టి, ఏ దిగుడు తర్వాత ఎంత లాగాలో, ఎంత వదలాలో ఆయనకి చేతిలో ఉండాలి. ఎక్కువ లాగితే తర్వాతి మిట్ట ఎక్కదు. తక్కువ లాగితే వంపు తట్టుకోదు.

గూడ్సు బండ్లకి చివర గార్డు పెట్టె ఉండేది. అందులో చేతి బ్రేకు ఉండేది. ఘాట్‌లో దిగేటప్పుడు డ్రైవర్ ఈల వేస్తే గార్డు ఆ చక్రం తిప్పేవాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ బ్రేకులు బాగుచేశాను. అవి పోయాయి, ఆ పెట్టెలూ పోతున్నాయి. ఆ పనితనం ఇంకా బతికుండగా చూసింది నేను మెల్‌బోర్న్‌లో, ఆ సరదా బండి మీద. దిగాక ఆయన దగ్గరికెళ్లి, నేనూ బ్రేకుల మనిషినేనని చెప్పాను. చెయ్యి కలిపాడు. ఆయన అరచేయి కాయకట్టి ఉంది. ఇలా మనిషి బ్రేకు వేసే కోస్టర్లు ప్రపంచంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. కోపెన్‌హాగెన్ టివోలీ తోటలో 1914 నాటిది ఒకటి, ఇంగ్లండ్ తూర్పు తీరంలో గ్రేట్ యార్మత్‌లో 1932 నాటిది ఒకటి అలాంటివే. యూరప్ టూర్లు వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇంగ్లండ్‌లోనే మార్గేట్‌లో 1920 నాటి సీనిక్ రైల్వే కథ తలుచుకుంటే నాకు అంతర్వేది గుర్తొస్తుంది. 2008 ఏప్రిల్‌లో ఎవరో నిప్పు పెట్టారు. చెక్క కట్టడంలో నాలుగో వంతు దాకా కాలిపోయింది. పార్కు అప్పటికే దెబ్బతిని ఉంది. స్థలం అమ్ముకుంటే బోలెడు డబ్బు వచ్చేది. కానీ ఊరివాళ్లు పోరాడారు, స్థానిక కౌన్సిల్ ఆ స్థలాన్ని సేకరించింది, కాలిన భాగం మళ్లీ కట్టి 2015లో బండి తిప్పారు. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయినప్పుడు మా మేనత్త ఫోన్‌లో ఏడ్చింది. 2021 రథసప్తమికల్లా కొత్త రథం సిద్ధమైంది. కొత్త టేకుతో చేసింది పాత రథం ఎలా అవుతుందని ఎవరూ అడగలేదు. చెక్క కోస్టర్ కూడా అంతే. ఏటా కొన్ని పలకలు మారుస్తారు, మేకులు మారుస్తారు, నట్లు బిగిస్తారు. పార్కు తెరవకముందే దారి పొడవునా నడిచి చూస్తారు. మన కీమన్ భుజాన సుత్తి వేసుకుని పట్టా వెంట నడిచినట్టు. 1902లో వేసిన ప్రతి కర్ర ఇప్పుడు ఉండదు. ఆ దారి, ఆ ఎత్తు, ఆ పనితనం చేతి నుంచి చేతికి అందుతూ వచ్చాయి.

ఇవన్నీ ఊరికే మిగల్లేదు. 1920ల్లో అమెరికాలో చెక్క కోస్టర్లు వెయ్యికి పైగా ఉండేవి. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యం, ఆ తర్వాత యుద్ధం, ఆ తర్వాత కార్లు వచ్చి ట్రామ్‌లు పోవడం, అన్నీ కలిసి వాటిని తుడిచిపెట్టాయి. మిగిలిన ప్రతిదాని వెనకా ఎవరో పట్టుబట్టిన జనం ఉన్నారు. శాన్ డియేగోలో 1925 నాటి జెయింట్ డిప్పర్ 1976లో ఆగింది. కూల్చేస్తారనగా ఊరివాళ్లు కమిటీ కట్టి ఆపారు, 1990లో మళ్లీ తిరిగింది. కోనీ ఐలాండ్‌లో 1927 నాటి సైక్లోన్‌ని పడగొట్టి ఆ స్థలం అక్వేరియానికి ఇద్దామనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. 1975లో కొత్తగా తెరిచారు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేను విన్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో తల్లిదండ్రుల టూర్ వేస్తున్న తమ్ముడొకడిని అడిగాను. "అంకుల్, ఆ పాత డబ్బా ఎక్కడానికి ఎవరొస్తారు, పిల్లలకి స్పీడ్ కావాలి, పెద్దవాళ్లకి భయం" అన్నాడు. మంచివాడే, మా అందరికీ ఎంతో సేవ చేశాడు. కానీ ఆ మాట తప్పు. మన టూర్లలో పెద్దవాళ్లు పార్కు బయట బెంచీ మీద సంచులు కాపలా కాస్తూ కూర్చుంటారు, పిల్లలు లోపల తిరుగుతారు. సాయంత్రం కలుస్తారు. ఏం చూశావని తాత అడిగితే మనవడికి చెప్పడానికి మాట రాదు. తాత, మనవడు పక్కపక్కన కూర్చోగలిగిన బండి ఏదైనా ఉందంటే అది ఈ పాత చెక్క బండే. ఆల్టూనా, మెల్‌బోర్న్ బండ్లు మా ఆవిడ ఎక్కింది. ఆమెకి బీపీ ఉంది, డాక్టర్‌ని అడిగే ఎక్కింది.

అయితే అన్నీ అందరికీ కావు. జాక్ రాబిట్ కొంచెం కుదుపుతుంది. సైక్లోన్ 85 అడుగులు, బాగా ఎత్తేస్తుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. గుండె జబ్బు, మెడ నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఏదీ ఎక్కకూడదు. కొంగులు, చున్నీలు బిగించుకోవాలి. బోర్డు మీద రాసింది బస్సులోనే తెలుగులో చదివి వినిపిస్తే పెద్దవాళ్లే నిర్ణయించుకుంటారు.

ఇక దారి సంగతి. అమెరికా వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ మీరు నయాగరా తీసుకెళ్తారు. న్యూజెర్సీ వైపు నుంచి వెళ్లే దారిలో కొంచెం పక్కకి తిరిగితే రోచెస్టర్. అక్కడ సీబ్రీజ్ పార్కులో ఇంకో జాక్ రాబిట్ ఉంది, అదీ 1920దే. అమెరికాలో ఆగకుండా నడుస్తున్నవాటిలో అదే పాతది. మధ్యాహ్నం పెరుగన్నం ప్యాకెట్లు ఏదో ఒక పెట్రోల్ బంకు దగ్గర తినే బదులు ఆ పార్కులో చెట్ల కింద తినొచ్చు. చాక్లెట్ ఫ్యాక్టరీ చూపించడానికి హెర్షీ తీసుకెళ్తారు కదా, ఆ ఊరి పార్కులోనే 1946 నాటి కామెట్ అనే చెక్క కోస్టర్ ఉంది. ఫ్రీమాంట్, శాన్ హోసే వాళ్లు శాంటా క్రూజ్ బీచ్‌కి వెళ్తూనే ఉంటారు. అక్కడ ఇసుక పక్కనే 1924 నాటి జెయింట్ డిప్పర్ ఉంది, దాన్ని ఎక్కకుండా ఎన్నిసార్లు వెనక్కి వచ్చారో ఆలోచించండి.

టికెట్టు కొని ఎక్కడం ఒక్కటే కాదు నేను అడిగేది. మీ పత్రికల్లో వీటి గురించి తెలుగులో రాయండి. మీ యువజన విభాగం పిల్లల్ని పొద్దున పార్కు తెరవకముందు తీసుకెళ్లి, దారి నడిచి చూసే వడ్రంగులతో, మెకానిక్‌లతో మాట్లాడించే వీలుందేమో పార్కులవాళ్లని అడగండి. సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే కాదనరని నా నమ్మకం. రేపు ఏ ఊళ్లోనైనా ఇలాంటి బండి తీసేస్తామని కౌన్సిల్ మీటింగ్ పెడితే, ఆ ఊళ్లో పన్ను కట్టే మనవాళ్లు కూడా లేచి మాట్లాడండి. అది కట్టినవాళ్లు మన తాతలు కాకపోవచ్చు. కానీ ఇప్పుడు మన పిల్లల ఊరు అదే, వాళ్ల ఊరి ఆస్తి అది.

ఈ జూన్‌లో నేను, మా ఆవిడ మళ్లీ వర్జీనియా వస్తున్నాం. టికెట్లు తీసుకున్నాం. ఒక శుక్రవారం పొద్దున బయలుదేరి ఆల్టూనా వెళ్తాం. బండి తిరుగుతుంటే ఎక్కుతాం, లేకపోతే కంచె ఇవతల నుంచైనా చూస్తాం. శనివారం పొద్దున స్వామి దర్శనం, మధ్యాహ్నం కెన్నీవుడ్. ఏడుగురు పట్టే వ్యాన్ మాట్లాడమని మా అల్లుడికి చెప్పాను. మనవరాలితో కలిపి మేం నలుగురం. మీ టూర్లలో పేరు ఇచ్చి సీటు దొరకని తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే మా అమ్మాయికి కబురు చేయండి, మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు,
లాలాగూడ వర్క్‌షాపు రిటైర్డ్ ఫిట్టర్,
సికింద్రాబాద్